ఊరికే రీస్టార్ట్ అవదు

శ్రావణ మాసం, పెళ్లిళ్ల గిరాకీ. మా డీటీపీ సెంటర్‌లో ఆ రోజు నాలుగు శుభలేఖల ప్రూఫులు ఇవ్వాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసిన కార్డు ఒకటి పూర్తయింది. పెళ్లికూతురి తండ్రి పక్క స్టూలు మీద కూర్చుని, వియ్యాలవారి ఇంటిపేరు సరిగ్గా పడిందో లేదో మానిటర్ మీద వేలు పెట్టి మరీ చూసుకున్నారు. ప్రింట్ ఇచ్చాను. లేజర్ ప్రింటర్ గుర్రుమంది. పైన ట్యూబ్‌లైటు ఒక్కసారి మసకబారి మళ్లీ వెలిగింది. అంతలో మానిటర్ నల్లబడింది. సీపీయూలో ఫ్యాను ఆగి మళ్లీ తిరిగింది, బీప్ కొట్టింది, విండోస్ మొదటినుంచి లేవడం మొదలుపెట్టింది. సేవ్ చేయని అరగంట పని పోయింది.

"ఏం బాబూ, మళ్లీ అదేనా?" అన్నారాయన. ఆ వారంలో ఆయన చూస్తుండగా అది రెండోసారి.

తర్వాత మూడు వారాల్లో నేను చేసినవి వరసగా చెబుతాను. ఈ తంటా వచ్చినవాళ్లు చాలామంది ఇదే వరసలో వెళ్తారు. మొదట వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించాను. రెండు రోజులు బాగానే ఉంది, మూడో రోజు మళ్లీ మొదలు. ర్యామ్ పోయిందన్నారు, కొత్తది వేయించాను. హార్డ్‌డిస్క్ అన్నారు, అదీ మార్పించాను. ఆఖరికి మదర్‌బోర్డు మార్చాలన్నారు. అప్పటికి చేతిలో డబ్బు లేక ఆగాను. ఆగడం వల్లే కారణం దొరికింది.

చేసేదేమీ లేక, కీబోర్డు పక్కన ఒక నలభై పేజీల నోటుపుస్తకం పెట్టుకున్నాను. రీస్టార్ట్ అయినప్పుడల్లా టైము, అప్పుడు నేను చేస్తున్న పని, గదిలో ఏమేం ఆన్‌లో ఉన్నాయి, ఈ మూడే రాశాను. తొమ్మిది ఎంట్రీలు పడ్డాక వెనక్కి తిరిగి చదివాను. ఏడుసార్లు ప్రింట్ ఇచ్చిన కొద్ది క్షణాల్లోనే పోయింది. మిగతా రెండుసార్లు ప్రింట్ ఇవ్వలేదు, కానీ ప్రింటర్ ఆన్‌లోనే ఉంది. ప్రింటర్ ఆపేసి ఉన్న పూట ఒక్కసారి కూడా పోలేదు. ఫార్మాట్ తర్వాత బాగున్న ఆ రెండు రోజులూ ప్రింట్లే లేవని అప్పుడు గుర్తొచ్చింది.

లేజర్ ప్రింటర్‌లో ఇంకు పొడిని కాగితానికి అతికించే వేడి రోలర్ ఒకటి ఉంటుంది. ప్రింట్ ఇచ్చినప్పుడు అది వేడెక్కడానికి ఒక్కసారిగా వందల వాట్ల కరెంటు లాగుతుంది. కొన్ని ప్రింటర్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆ వేడి తగ్గకుండా మధ్యమధ్యలో లాగుతుంటాయి. నేను ప్రింటర్‌ని, సీపీయూని, మానిటర్‌ని ఒకే 600 వీఏ యూపీఎస్‌కి తగిలించాను. అలాంటి యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. బ్యాటరీ కూడా పాతది. రోలర్ లాగినప్పుడల్లా యూపీఎస్ చేతులెత్తేస్తోంది, కంప్యూటర్ పోతోంది. ప్రింటర్ ప్లగ్ తీసి గోడ సాకెట్‌లో పెట్టాను. అంతే, రీస్టార్టులు ఆగిపోయాయి. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి పెట్టకూడదని దాని కాగితాల్లోనే రాసి ఉంటుంది.

ట్యూబ్‌లైటు మసకబారడం నేను ఆ శుభలేఖ పోయిన రోజే చూశాను. చూసిందాన్ని రాయలేదు కాబట్టి అది ఆధారం కాలేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. "ఊరికే రీస్టార్ట్ అవుతోంది" అన్న మాటలో ఊరికే అన్నది కంప్యూటర్ గుణం కాదు. మన దగ్గర లెక్క లేకపోవడం వల్ల అలా కనిపిస్తుంది. భయం వేసినప్పుడు చేయి ముందు పర్సు మీదికి పోతుంది. ఏదో ఒకటి కొంటే పని జరిగిందన్న తృప్తి వస్తుంది. ఆ తృప్తికి నేను రెండు పార్టుల డబ్బు పోశాను. మీరు ముందు ఒక నోటుపుస్తకం కొనండి.

దానికంటే ముందు ఇంకో పని. ఈ రోజే మీ ఫోటోలు, ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్‌డిస్క్‌లోకో కాపీ చేసుకోండి. డిస్క్ మీద రాస్తుండగా ఇలా మధ్యలో పోయి పోయి ఒక రోజు ఆ డిస్కే లేవకపోవచ్చు. పని చేస్తున్నంతసేపూ ప్రతి అయిదు నిమిషాలకీ కంట్రోల్, ఎస్ నొక్కే అలవాటు చేసుకోండి.

నోటులో టైముతో పాటు అది ఎలా పోయిందో కూడా రాయాలి. పోయే తీరులోనే సగం సమాధానం ఉంటుంది. ఎవరో ప్లగ్ లాగినట్టు తటాలున నల్లబడి, వెంటనే తనంతట తాను లేస్తే ముందుగా అనుమానించాల్సింది కరెంటు దారిని. ఒక్క క్షణం నీలం తెర (విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఇది నల్లగా, రాతలతో ఉంటుంది) మెరిసి పోతే విండోస్ ఏదో తప్పు పసిగట్టి తనే ఆగిందని అర్థం. అప్పుడు ర్యామ్, డ్రైవర్లు, డిస్క్ వైపు చూడాలి. ఆరిపోయి, పవర్ బటన్ నొక్కినా కాసేపు లేవకుండా, చల్లారాక లేస్తే వేడి. తెర మీద చెప్పి మరీ రాత్రిపూట రీస్టార్ట్ అయితే అది అప్‌డేట్, దానికి కంగారు పడక్కర్లేదు.

నీలం తెర మీద రాతలు చదివేలోపే పోతోందా? విండోస్‌కి తప్పు జరగగానే రీస్టార్ట్ అయ్యే అలవాటు ముందే పెట్టి ఉంటుంది, దాన్ని తీసేయొచ్చు. దిస్ పీసీ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, అక్కడ స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్. ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్నదాని ముందున్న టిక్ తీసేయండి. ఇకమీదట నీలం తెర వచ్చి నిలబడుతుంది. ఫోన్‌తో ఫోటో తీయండి. మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటే మొదట ర్యామ్‌ని చూడాలి. వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అని ఉంటే ప్రాసెసర్, దానికి అందే కరెంటు, వేడి, ఓవర్‌క్లాకింగ్ (వేగాన్ని హద్దు దాటి పెంచడం) చూడాలి.

మీ నోటుకి తోడు కంప్యూటర్ కూడా ఒక నోటు రాసుకుంటూనే ఉంటుంది. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కితే వేల వరసలు కనిపిస్తాయి. మీ పుస్తకంలో రాసుకున్న టైము దగ్గరికి వెళ్లి చూడండి. 1074 అన్న నంబరు ఉంటే ఎవరో, లేదా ఏదో ప్రోగ్రాము, కావాలనే రీస్టార్ట్ చేసినట్టు. దాని పేరు కూడా అందులోనే ఉంటుంది. 1001 అని బగ్‌చెక్ ఉంటే నీలం తెర వచ్చినట్టు. 6008 అంటే అంతకుముందు సరిగ్గా షట్‌డౌన్ కాలేదని. ఇక అందరినీ కంగారు పెట్టేది 41, కెర్నల్-పవర్. ఎర్రగుర్తుతో క్రిటికల్ అని ఉంటుంది. దాన్ని చూసి, సీపీయూ లోపలి భాగాలకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ పోయిందని తీర్మానించి కొత్తది కొనేసినవాళ్లు నాకు తెలుసు. 41 అనేది దొంగతనం జరిగిందని ఇచ్చిన ఫిర్యాదు లాంటిది, దొంగ పేరు అందులో ఉండదు. సరిగ్గా ఆపకుండానే ఆగిపోయానని కంప్యూటర్ లేచాక రాసుకున్న మాట అది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అని ఒక వరస ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కి ఏమీ చెప్పే వ్యవధి దొరకలేదన్నమాట. కరెంటు తెగినప్పుడు, రీసెట్ నొక్కినప్పుడు, మెషిన్ బిగుసుకుపోయి మనమే బటన్ పట్టి ఆపినప్పుడు సున్నాయే పడుతుంది.

ఇప్పుడు వెతుకులాట. గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి రండి. అక్కడ చూడటానికి ఖర్చేమీ ఉండదు, మన ఇళ్లలో దోషం ఎక్కువసార్లు దొరికేదీ అక్కడే.

సాకెట్‌లో త్రీ పిన్ ప్లగ్ వదులుగా ఊగుతోందా చూడండి. స్విచ్ వేసినప్పుడు చిటపట వినిపించినా, ప్లగ్ పిన్నులు నల్లబడినా ఆ సాకెట్ మార్పించాల్సిందే. ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కనపెట్టి రెండు రోజులు నేరుగా గోడ సాకెట్‌తో నడపండి. సీపీయూ వెనక పవర్ కేబుల్ గట్టిగా లోపలికి నొక్కండి. గది ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది సగం బయటికి రావడం నేను చాలాసార్లు చూశాను. మోటారు వేసినప్పుడో, ఫ్రిజ్ కంప్రెసర్ అందుకున్నప్పుడో పోతోందా? మీ నోటులో టైములు చెబుతాయి. పొద్దున ఆరుంబావుకి, సాయంత్రం ఆరుంబావుకి అని పడితే ట్యాంకు నింపే వేళలతో పోల్చి చూడండి.

యూపీఎస్ ఉంటే ఫైళ్లన్నీ మూసేసి, గోడ స్విచ్ ఆపి చూడండి. కంప్యూటర్ వెంటనే పోయిందంటే యూపీఎస్‌లో బ్యాటరీ చచ్చింది. లోపల సాధారణంగా ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, మన ఎండలకి రెండుమూడేళ్లు వస్తే గొప్ప. చచ్చిన బ్యాటరీ ఉన్న యూపీఎస్ కంటే అసలు యూపీఎస్ లేకపోవడమే నయం. వోల్టేజి కాస్త కిందికి జారగానే అది బ్యాటరీకి మారబోతుంది, బ్యాటరీ అందుకోదు. యూపీఎస్ లేకుండా బతికే కంప్యూటర్ కూడా అప్పుడు పోతుంది.

ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనకాల ఒక చిన్న స్విచ్ ఉందేమో చూడండి. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ అని ఒకటి, మామూలు మోడ్ అని ఒకటి ఉంటాయి. కరెంటు పోగానే బ్యాటరీకి మారడానికి పట్టే వ్యవధిలో ఉంది తేడా. ఎస్ఎంపీఎస్ నిండు లోడు మీద సుమారు 16 మిల్లీ సెకన్ల ఖాళీని ఓర్చుకోగలదు. మన కరెంటు 50 సైకిళ్లది కాబట్టి, అది ఒక్క సైకిలు కంటే తక్కువ. మామూలు మోడ్‌లో ఫ్యానుకీ లైటుకీ తేడా తెలియదు గానీ కంప్యూటర్‌కి ఆ ఖాళీ ఎక్కువైపోతుంది. ఆ స్విచ్‌ని యూపీఎస్ వైపు జరిపితే తీరిపోయిన ఇళ్లున్నాయి.

సీపీయూ డబ్బా ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? రీస్టార్ట్ సంగతి పక్కన పెట్టండి, అది ప్రాణం సంగతి. ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో మీటర్‌తో చూపించమనండి. పిల్లలు చెప్పుల్లేకుండా కూర్చుని చదువుకునే గదిలో ఇది ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు.

బయట అంతా బాగుంటే అప్పుడు డబ్బా తెరవండి. ప్లగ్ పూర్తిగా తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, డబ్బా ఇనుముని ఒకసారి తాకి మొదలుపెట్టండి. తెరవగానే కనిపించేది దుమ్ము. ప్రాసెసర్ మీద హీట్‌సింక్ రెక్కల మధ్య అది దుప్పటిలా పేరుకుని ఉంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి అది విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. హీట్‌సింక్ నాలుగు మూలలా ఉండే ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడినా హీట్‌సింక్ ఓ పక్కకి లేచిపోతుంది. చాలా ప్రాసెసర్లకి హద్దు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అక్కడికి చేరేసరికి ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ ఆగకపోతే ఆరిపోతాయి. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నాలు, బయట 45 డిగ్రీలున్నప్పుడు, బీరువా పక్కన ఇరికించిన సీపీయూ ఏం పీల్చుకుంటుందో ఊహించండి. వేడి అని అనుమానం ఉంటే డబ్బాని గోడకి జానెడు దూరం జరిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయించండి.

తెరిచినప్పుడే ప్రాసెసర్ చుట్టూ నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల నెత్తులు చూడండి. చదునుగా ఉండాలి. పొంగినా, గోధుమరంగు జిగురు కారినా ఆ బోర్డు రోజులు దగ్గరపడ్డాయి. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో వచ్చిన బోర్డుల్లో ఇది ప్రపంచమంతటా కనిపించిన జబ్బు.

ఇక ఎస్ఎంపీఎస్. దాని మూత మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లు కొంతసేపు ప్రాణాంతకమైన వోల్టేజిని పట్టి ఉంచుతాయి. బయట లేబుల్ చదవండి చాలు. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంటుంది. మీరు చూడాల్సింది 12 వోల్టుల గడి. అక్కడ ఉన్న ఆంపియర్లని 12తో గుణించండి. 16 ఆంపియర్లు అని ఉంటే వచ్చేది 192 వాట్లే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఎక్కువగా ఆధారపడేది ఆ 12 వోల్టుల మీద. ఎనిమిది పిన్నుల కేబుల్ ఒకటి అడిగే గ్రాఫిక్స్ కార్డు ఆ కేబుల్ నుంచి 150 వాట్లు, స్లాట్ నుంచి 75 వాట్లు దాకా తీసుకోవచ్చు. గేమ్ మొదలైన కాసేపటికే పోయేవాటిలో లెక్క తప్పేది ఇక్కడే. మల్టీమీటర్ పెడితే 12 వోల్టుల తీగ మీద 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. బయట ఉంటే ఎస్ఎంపీఎస్ దోషం ఖాయం. లోపల ఉన్నంత మాత్రాన మంచిదని చెప్పలేం, క్షణంలో వెయ్యో వంతు పడిపోయి లేచే వోల్టేజి మీటర్‌కి చిక్కదు. అందుకే తెలిసినవాళ్ల దగ్గర నుంచి బాగున్న ఎస్ఎంపీఎస్ ఒకటి రెండు రోజులకి అడిగి తెచ్చి తగిలించి చూడటమే నమ్మకమైన పరీక్ష. కొనకుండా అడగడానికి మొహమాటపడొద్దు.

ర్యామ్‌ని తీసి, దాని బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో సుతారంగా రుద్ది, పొడి దులిపి, రెండువైపులా టక్కుమనేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోదాంతో రెండేసి రోజులు నడపండి. మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ మీద వేసి రాత్రంతా వదిలితే, తెల్లారేసరికి ఒక్క తప్పు చూపించినా ఆ ర్యామ్‌ని నమ్మకూడదు. బయోస్‌లో ర్యామ్‌ని మామూలు కంటే వేగంగా నడిపే ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉంటే ముందు అది ఆపి మళ్లీ పరీక్షించండి. మంచి ర్యామ్ కూడా ఆ వేగం దగ్గర తడబడొచ్చు.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ వచ్చినప్పుడు విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు ఎక్కడ చూసినా 60 సెకన్ల గడియారం చూపించి రీస్టార్ట్ అయ్యేవి. రీస్టార్ట్ అంటే వైరస్సే అన్న నమ్మకం అప్పటినుంచి చాలామంది మనసులో పాతుకుపోయిందని నా అనుమానం. ఈ రోజుల్లో ఆ కారణం అరుదు. ఒకే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజి వల్ల అస్థిరమవుతున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. సరిదిద్దే మైక్రోకోడ్‌ని బయోస్ అప్‌డేట్ల ద్వారా ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. మీది ఆ తరమైతే బయోస్ అప్‌డేట్ చేయించండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు, వారంటీలో అడగాలి.

మా వీధిలో ఒక టీచరుగారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆవిడ ఇంట్లో కంప్యూటర్ రోజుకి రెండుసార్లు పోయేది. ఇంటర్ చదివే కొడుకు గేములాడి పాడుచేశాడని నెల రోజులు వాణ్ణి ముట్టుకోనివ్వలేదు. వాడు ముట్టుకోకపోయినా పోతూనే ఉంది. పుస్తకం పెట్టమన్నాను. వారం తర్వాత చూస్తే, ప్రతిసారీ ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నప్పుడే. టేబుల్ కింద ఉన్న సీపీయూకి ఆవిడ మోకాలు తగులుతోంది. ముందువైపు రీసెట్ బటన్ స్ప్రింగు అరిగి లోపలికి దిగిపోయి ఉంది, కాస్త తగిలితే చాలు నొక్కుకుంటోంది. డబ్బా తెరిచి, మదర్‌బోర్డు అంచున రీసెట్ అని రాసి ఉన్న రెండు తీగల చిన్న ప్లగ్ లాగేశాను. కంప్యూటర్‌కి ఆ బటన్ లేకపోయినా ఏ లోటూ లేదు. ఆవిడ కొడుకుని పిలిచి, "నీ వల్ల కాదురా నాన్నా, అనవసరంగా అన్నాను" అంది. వాడు ఏమీ అనలేదు. వంగి ఆ చిన్న ప్లగ్‌ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

ఒకేసారి రెండు మార్పులు ఎప్పుడూ చేయొద్దు. ర్యామ్ తుడిచి, అదే రోజు ఎస్ఎంపీఎస్ కూడా మార్చి, బాగుపడితే దేనివల్ల బాగుపడిందో మీకు తెలియదు. రేపు మళ్లీ పోతే మొదటికే వస్తారు. ఒకటి మార్చండి, పుస్తకంలో తేదీ వేయండి, ఆగండి. ఎన్నాళ్లాగాలన్నది కూడా పుస్తకమే చెబుతుంది. రెండు రీస్టార్టుల మధ్య అన్నిటికంటే ఎక్కువ ఎడం ఎంతుందో చూసి, దానికి రెట్టింపు రోజులు ఆగాలి. మూడు రోజులకోసారి పోయే కంప్యూటర్ ఒక రోజు బాగా నడిస్తే దానికేమీ అర్థం లేదు. ఆరు రోజులు నడవనివ్వండి. ఫార్మాట్ తర్వాత నేను మోసపోయింది ఇక్కడే.

ఇవన్నీ చేశాక కూడా దొరకకపోతే షాపుకి ఇవ్వాల్సిందే. అప్పుడు "రీస్టార్ట్ అవుతోంది, చూడండి" అని చెప్పి వచ్చేయకండి. వాళ్ల టేబుల్ మీద వాళ్ల కరెంటుతో అది రోజంతా బాగానే నడవొచ్చు. వాళ్లు తోచింది మార్చి పంపిస్తారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు. మీ పుస్తకంలోని పేజీ ఫోటో తీసి ఇవ్వండి. ఎప్పుడెప్పుడు పోతోంది, ఎలా పోతోంది, మీరు ఇప్పటిదాకా ఏమేం మార్చి చూశారు, నీలం తెర ఫోటో ఉంటే అది, ఈవెంట్ వ్యూయర్‌లో ఏ నంబరు పడింది, ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టి సీపీయూ మీద టేపుతో అంటించండి. షాపులో నడిచి మీ ఇంట్లో మాత్రమే పోతుంటే ఆ విషయం అన్నిటికంటే పైన రాయండి, ఎందుకంటే అప్పుడు చూడాల్సింది మీ ఇంటి వైరింగు. ఏ పార్టు మార్చినా పాతది వెనక్కి ఇమ్మనండి. మార్చినా రీస్టార్టులు ఆగకపోతే, ఆ పాతది బాగున్నట్టే లెక్క.